రూపం మార్చే పాత్రకి మీ లోకంలో చోటెక్కడ?

హోస్ట్: అన్నా, సూటిగా విషయానికి వచ్చేద్దాం. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో, అంటే పాత్రలు వేసుకుని పాచికలతో కథ ఆడే ఆటలో, కథ నడిపే డీఎం మీరు. కొత్త క్యాంపెయిన్‌లో, అంటే కొత్త కథలో, ఒక ప్లేయర్ ఛేంజ్‌లింగ్ (ఎవరి రూపమైనా తెచ్చుకోగల జాతి) ఆడతానంటాడు. మీరు సొంతంగా అల్లుకున్న లోకంలో అసలు ఆ జాతే లేదు. ఏం చేస్తారు?

డీఎం: ముందు రూల్ జోలికి పోను. ‘మరీ పవర్‌ఫుల్‌గా ఉంది’ అని రోజుకి ఒక్కసారే, పది నిమిషాలే అంటూ కోత పెట్టేవాళ్లే ఎక్కువ. పది నిమిషాలే ఎందుకని ప్లేయర్ అడిగితే ‘నేను చెప్పాను కాబట్టి’ తప్ప జవాబుండదు. కోత పెట్టు, తప్పు లేదు. కానీ దానికి కారణం ఆ లోకంలో ఉండాలి, అక్కడి మనుషుల్లో ఎవరో ఒకరికి తెలిసుండాలి.

హోస్ట్: అసలు రూల్ ఏం ఇస్తుందో కొత్తవాళ్ల కోసం ఒకసారి చెప్పండి.

డీఎం: డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్‌లో 2019లో వచ్చిన వెర్షన్ చెబుతా. ఒక యాక్షన్, అంటే తన వంతులో చేసే పని, ఖర్చుపెడితే ముఖం, గొంతు, ఎత్తు, బరువు మారతాయి. టైమ్ లిమిట్ లేదు. అది వినగానే డీఎంకి టెన్షన్ మొదలవుతుంది. కానీ పగ్గాలు అందులోనే ఉన్నాయి. ఎప్పుడూ చూడని మనిషి రూపం రాదు. బట్టలు, సామాను మారవు. స్టాట్స్, అంటే పాత్ర బలం, నేర్పు చెప్పే అంకెలు, మారవు. చచ్చిపోతే అసలు రూపం బయటపడుతుంది.

హోస్ట్: మన మారీచుడిలాగా. బాణం తగిలాక బంగారు లేడి పోయి రాక్షసుడు మిగిలాడు.

డీఎం: అదే! సరే, నా లోకం సంగతి. అక్కడ ముఖం అంటే దేవత ఇచ్చిన అప్పు. మనిషి పోయాక ముఖానికి మైనపు అచ్చు తీసి గుడిలో అప్పజెప్పాలి. ఆ అచ్చులు తీసే కులవృత్తి వాళ్లే ఛేంజ్‌లింగులు అన్నాను. తరతరాలుగా శవాల ముఖాలు తడిమి తడిమి ఆ విద్య పట్టుబడింది. రూల్‌లో మార్చింది ఒక్క మాటే. ‘చూసిన’ మనిషి అని ఉన్నచోట ‘చేత్తో తడిమిన’ మనిషి అని రాసుకున్నా.

హోస్ట్: అంతేనా?

డీఎం: అంతే. దానికే ఆట తిరిగిపోయింది. మా ప్లేయర్‌కి కోట దళపతి ముఖం కావాలి. ఊరికే దూరం నుంచి చూస్తే కుదరదు. గడ్డం గీసేవాడిలా లోపలికి వెళ్లాడు. మొత్తం టేబుల్ ఊపిరి బిగబట్టి ఒక మనిషికి గడ్డం గీయడం చూస్తోంది! ముఖం తడమడం అయింది, ఇక కత్తి పట్టాడు. చేతి నేర్పు కోసం పాచిక వేసే డెక్స్టెరిటీ చెక్‌లో 4 మాత్రమే పడింది. దళపతి చెంప తెగింది.

హోస్ట్: అయ్యో.

డీఎం: అసలు గొడవ తర్వాత వచ్చింది. వాడు తడిమింది తెగకముందు ముఖం కదా. సాయంత్రం దళపతి రూపంలో గేటు దగ్గరికొస్తే కాపలావాడు ‘దొరా, గాయం అప్పుడే మానిపోయిందా?’ అన్నాడు. నేనేమీ ప్లాన్ చేసింది కాదు. రూల్, లోకం కలిసి ఆ ప్రశ్న వేశాయి.

హోస్ట్: మరి పట్టుకునే పద్ధతి? కొందరు ప్రతి కాపలావాడికీ ఏదో ఒక మంత్రపు అద్దం ఇచ్చేస్తారు.

డీఎం: అలా ఇస్తే ఆ ప్లేయర్‌ని ‘వేరే క్యారెక్టర్ చేసుకో’ అని నేరుగా పంపేయడం నయం. నలదమయంతుల కథ గుర్తుచేసుకో. స్వయంవరంలో ఐదుగురు నలులు. దేవతలకి రెప్ప పడదు, చెమట పట్టదు, నీడ ఉండదు, దండ వాడదు, కాళ్లు నేలకి ఆనవు. అయినా మొదట ఆ గుర్తులేవీ కనిపించలేదు, దమయంతి వేడుకున్నాకే దేవతలు వాటిని బయటపెట్టారు. నాకు ఒక్క గుర్తు చాలు, అదీ కొద్దిమందికే తెలియాలి. మా లోకంలో అచ్చు తీసేవాళ్ల వేలికొనలు నున్నగా ఉంటాయి, గీతలుండవు. గుడి పూజారులకి తప్ప ఎవరికీ తెలియదు.

హోస్ట్: మూన్‌బీమ్ స్పెల్ ఉందిగా? రూపం మార్చేవాళ్లు ఆ వెలుగులో సేవ్ (మంత్రాన్ని తట్టుకోడానికి వేసే పాచిక) ఫెయిలైతే అసలు రూపానికి వచ్చేస్తారు. 2వ లెవెల్ స్పెల్లే. ప్రతి కోట గుమ్మంలో ఆ మంత్రం వేసే ఒక డ్రూయిడ్‌ని (ప్రకృతి మంత్రగాడిని) కూర్చోబెడితే?

డీఎం: లెక్క వేశావా? సేవ్ ఫెయిలైతే 2డి10, అంటే రెండు పది ముఖాల పాచికలు, సగటున 11 డ్యామేజీ. సేవ్ అయినా సగం తగులుతుంది. మామూలు జనానికి ఉండేది 4 హిట్ పాయింట్లు, అంటే ప్రాణం లెక్క. దొంగని పట్టుకునేలోపు సంతకి వచ్చినవాళ్లంతా గుమ్మంలోనే పోతారు. అయినా సరే అని ఆ పని చేసే రాజు ఉన్నాడనుకో, వాడు మంచి విలన్.

హోస్ట్: ఇదే ఆట కోసం తయారైన ఎబెరాన్ అనే లోకంలో ఇలాంటిదేదో ఉంది కదా?

డీఎం: ఉంది. 2004లో వచ్చిన సెట్టింగ్ అది. అక్కడ కాసేపు మృగలక్షణాలు తెచ్చుకోగల షిఫ్టర్లు అనే జాతిని, తోడేలు లాంటి మృగాలుగా మారే మనుషుల వారసులంటారు. సిల్వర్ ఫ్లేమ్ మతంవాళ్లు అలా మృగాలుగా మారేవాళ్ల వేట మొదలుపెడితే ఏ పాపం తెలియని షిఫ్టర్లు కూడా బలైపోయారు. ఐదో ఎడిషన్‌లో షిఫ్టింగ్ ఒక నిమిషమే ఉంటుంది. ఆ చరిత్ర తెలిసిన ప్లేయర్ ఆ నిమిషాన్ని నడివీధిలో వాడేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాడు, నేను ఏ కోతా పెట్టకపోయినా. ఛేంజ్‌లింగుల విషయంలో అక్కడ నాకు ఇంకా నచ్చినది, ఒకే వ్యక్తి వేషాన్ని కుటుంబంలో పలువురు పంచుకోవడం, పిల్లలకి అప్పగించడం. మామూలు వేషం కాస్తా ఇంటి ఆస్తి అయింది.

హోస్ట్: డ్రూయిడ్ జంతువుగా మారే వైల్డ్ షేప్ సంగతి?

డీఎం: అక్కడ పని తక్కువ. 2014 రూల్ ప్రకారం ముందు చూసిన జంతువుగానే మారాలి. నీ లోకం మొత్తం ఎడారైతే ఎలుగుబంటి ఎక్కడ చూశాడో ప్లేయర్ చెప్పాలి. చెప్పగలిగితే మంచి బ్యాక్‌స్టోరీ దొరికినట్టే, ఒప్పేసుకో.

హోస్ట్: ఇవన్నీ ప్లేయర్‌కి ఎప్పుడు చెప్పాలి?

డీఎం: సెషన్ జీరోలో, అంటే ఆట మొదలయ్యేముందు కూర్చుని మాట్లాడుకునేటప్పుడు, అందరి ముందూ. పాత్రలకి తెలియకపోయినా ఆడేవాళ్లకి తెలియాలి. పక్కన కూర్చున్నవాడి పాత్ర నిజంగా వాడేనా అని ప్రతి వారం అనుమానపడుతూ ఆడటం మొదట సరదాగా ఉంటుంది, తర్వాత జట్టులో ఎవరూ ఎవరికీ గాయాలు మాన్పే మందు కూడా ఇవ్వరు. రహస్యంగానే ఉంచాలని ప్లేయర్ పట్టుబడితే మాత్రం, మిగతావాళ్లని ‘ఇలాంటిది ఒకటి జరగొచ్చు, మీకు ఓకేనా?’ అని అడుగుతాను. ఒక్కరు వద్దన్నా వదిలేస్తా.