గాస్‌మండీలో గ్యాస్ ఎక్కడుంది? లష్కర్ గల్లీల కథ

(షాట్: సికింద్రాబాద్ స్టేషన్ బయట, పొద్దున ఆరు, ఆటోలు, టీ బండి)

మొన్న ఇక్కడే ఆటో ఎక్కి గాస్‌మండీ పోనీ అన్నా. డ్రైవర్ కొత్తగా వచ్చిన పిల్లోడు, "గ్యాస్ సిలిండర్ కోసమా అన్నా?" అన్నాడు. నవ్వొచ్చింది గానీ నేను కూడా ఇంటర్ దాకా అలాగే అనుకున్నా, కాబట్టి వాణ్ణి ఏమీ అనలేను. అది గ్యాస్ కాదు, ఘాస్. ఉర్దూలో ఘాస్ అంటే గడ్డి. అంటే గడ్డి మార్కెట్ అన్నమాట. ఊరి నడిమధ్యలో గడ్డి ఎవరు కొంటారు? గుర్రాలున్నోళ్లు. అన్ని గుర్రాలు ఎవరికుంటాయి? మిలిటరీకి.

సరే, ఇక్కణ్ణుంచే మొదలుపెడదాం.

మా అమ్మమ్మ ఏనాడూ సికింద్రాబాద్ అనలేదు, "లష్కర్‌కి పోయొస్త" అనేది, చీరలు కొనాలన్నా కళ్లద్దాలు చేయించుకోవాలన్నా లష్కరే. లష్కర్ అంటే దండు, సైన్యం విడిది చేసిన చోటు. 1798లో నిజాం అలీఖాన్ బ్రిటిష్ వాళ్లతో ఒప్పందం చేసుకున్నాడు, వాళ్ల పటాలాలు వచ్చి హుస్సేన్ సాగర్‌కి ఉత్తరాన డేరాలు వేశాయి, అప్పట్లో అదంతా ఖాళీ జాగా. తర్వాత గద్దెనెక్కిన సికిందర్ జా పేరు మీద 1806లో దీనికి సికింద్రాబాద్ అని పేరొచ్చింది. కానీ జనం నోట్లో మాత్రం లష్కరే ఉండిపోయింది.

ఇప్పుడు అసలు పాయింట్. సైన్యం అంటే సిపాయిలొక్కరే కాదు కదా, వాళ్ల గుర్రాలకి గడ్డి కావాలి, నీళ్లు మోసేవాళ్లు కావాలి, పల్లకీలూ డోలీలూ మోసేవాళ్లు, కుండలు చేసేవాళ్లు, అప్పులిచ్చే షావుకార్లు, లెక్కలు రాసే గుమాస్తాలు, అందరూ కావాలి. వాళ్లంతా వచ్చారు, వచ్చిన చోటే గల్లీ అయ్యింది, చేసే పనే ఆ గల్లీకి పేరయింది.

(స్క్రీన్ మీద మ్యాప్, పేర్లు ఒక్కొక్కటే వెలగాలి)

కావడి మోసేవాళ్లది కవాడిగూడ. పల్లకీలూ డోలీలూ మోసే బోయీలది భోయిగూడ. కుమ్మరిగూడ ఎవరిదో చెప్పక్కర్లేదు. రెజిమెంటల్ బజార్ అయితే ఇంక డైరెక్టుగానే ఉంది. పాట్ మార్కెట్ అంటే కుండల మార్కెట్, ఇవాళ అక్కడ కుండ దొరకదు, అంతా బంగారం, వెండి.

ఈ డోలీ మోసేవాళ్ల దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం, ఎందుకంటే లష్కర్‌లో అందరికన్నా పెద్ద కథ వాళ్లదే. సురిటి అప్పయ్య అని మిలిటరీలో డోలీ మోసే ఆయన, 1813లో ఆయన్ని ఉజ్జయినికి పంపించారు. అప్పుడే ఇక్కడ కలరా, జనం పిట్టల్లా రాలిపోతున్నారని తెలిసి, అక్కడి మహంకాళి అమ్మవారికి మొక్కుకున్నాడట, మా ఊరు చల్లబడితే తల్లీ నీకు గుడి కడతానని. తిరిగొచ్చి 1815లో చెక్క విగ్రహం పెట్టాడు. అదే ఇప్పటి ఉజ్జయిని మహంకాళి గుడి. ఆషాఢంలో లష్కర్ బోనాలంటే సీఎంలు కూడా వచ్చే పండగ, మర్నాడు పచ్చికుండ మీద నిలబడి రంగం, అంటే భవిష్యవాణి, చెప్పేటప్పుడు టీవీలన్నీ లైవ్ పెడతాయి. దీన్ని మొదలుపెట్టింది రాజూ కాదు జమీందారూ కాదు, భుజాన డోలీ మోసుకునే మనిషి. నాకైతే ఈ ముక్క చెప్పినప్పుడల్లా ఒళ్లు జలదరిస్తుంది.

ఇక ఇక్కడికొచ్చిన పటాలం మద్రాసు ఆర్మీది, అందుకే దాని వెనకాలే తమిళం వచ్చింది. మొదలియార్లనే తమిళులు కాంట్రాక్టులు చేశారు, బడులు పెట్టారు. సోమసుందరం మొదలియార్ 1862లో పెట్టిన బడే తర్వాత మహబూబ్ కాలేజీ, వివేకానందుడు అమెరికా పోకముందు 1893 ఫిబ్రవరిలో మాట్లాడింది అక్కడే. పద్మారావునగర్ కూడా ఒక మొదలియార్ పేరే, ఇప్పటికీ ఆ వైపు పోతే స్కందగిరి గుడి దగ్గర తమిళం వినపడుతూనే ఉంటుంది, పూలమ్మే ఆవిడ మాత్రం మీతో తెలుగులో బేరమాడి, పక్కావిడతో తమిళంలో మిమ్మల్ని తిడుతుంది (సరదాకి అంటున్నా).

పార్సీల అగ్నిగుడి 1847 నాటిది, ఎంజీ రోడ్డు మీద రోజూ దాని ముందు నుంచే పోతుంటాం కానీ పార్సీలు కాని వాళ్లకి లోపలికి ఎంట్రీ లేదు, అందుకే నా దగ్గర ఫుటేజీ లేదు.

1874లో రైలు వచ్చింది, 1893లో లాలాగూడ వర్క్‌షాప్. దాంతో ఆంగ్లో ఇండియన్లు వచ్చారు, డ్రైవర్లు, గార్డులు, ఫోర్‌మెన్లు, క్రిస్మస్‌కి కేకులూ డాన్సులూ. వాళ్ల పిల్లలు చాలామంది తర్వాత ఆస్ట్రేలియా వెళ్లిపోయారు. ఇరానీలు వచ్చి మూల మూలకీ చాయ్ దుకాణం పెట్టారు. ప్యారడైజ్ కూడా 1953లో ఒక సినిమా హాల్ పక్కన చిన్న కేఫ్‌గానే మొదలైంది, హాల్ పోయింది, పేరు బిర్యానీకి మిగిలింది.

(షాట్: పాత బోర్డు, కొత్త బోర్డు పక్కపక్కన)

1945లో ఈ బజార్లన్నీ బ్రిటిష్ వాళ్లు నిజాంకి తిరిగిచ్చేశారు, 1960లో సికింద్రాబాద్ కార్పొరేషన్‌ని హైదరాబాద్‌లో కలిపేశారు, పాతోళ్లకి ఇప్పటికీ ఆ మంట ఉంది. జేమ్స్ స్ట్రీట్ ఎంజీ రోడ్డయింది, కింగ్స్‌వే ఆర్పీ (రాష్ట్రపతి) రోడ్డు, ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ ఎస్డీ (సరోజినీ దేవి) రోడ్డు. మార్చడం తప్పని నేననను, దొరల పేర్లు మనకెందుకు. కానీ గమనించారా, దొరల పేర్లు పోయాయి, కూలోళ్ల పేర్లు పోలేదు. భోయిగూడ భోయిగూడే, కవాడిగూడ కవాడిగూడే, ఎందుకంటే వాటిని ఎవరూ రాజముద్ర వేసి పెట్టలేదు.

స్టేషన్ పాత బిల్డింగ్ 2025లో కూల్చేశారు, కొత్తది ఎయిర్‌పోర్టులా వస్తుందంటున్నారు. ఇప్పుడు పొద్దున్నే రైలు దిగేవాళ్లలో బీహార్, ఒడిశా పిల్లలు ఎక్కువ, భుజాన ఒక బ్యాగు, చేతిలో ఫోన్, మేస్త్రీ ఎక్కడున్నాడో అని వెతుక్కుంటూ. ఇందాక నన్ను సిలిండర్ కోసమా అన్న ఆటో పిల్లోడూ అలా దిగినోడే, సమస్తిపూర్ వాడంట, వచ్చి ఎనిమిది నెలలు. దిగేటప్పుడు ఘాస్ అంటే గడ్డి అని చెప్పా. "మాకు తెలుసన్నా, హిందీలో కూడా అదే, ఇక్కడ మీరే గ్యాస్ అంటారు" అన్నాడు.

మీ గల్లీ పేరు ఎలా వచ్చిందో కామెంట్లో రాయండి, ముఖ్యంగా చిలకలగూడ వాళ్లు, మీ చిలకల సంగతి నాకింకా తేలలేదు.