ముందు రంగు డబ్బా, తర్వాతే కత్తి

వేదిక మీది పెద్దలకూ, ముందు వరసలో కూర్చున్న మేదరి అన్నదమ్ములకూ నమస్కారం. పేర్లన్నీ చదివితే నా పదిహేను నిమిషాలూ అక్కడే అయిపోతాయి. మానేస్తున్నా.

ఆఫ్రికాలో వెదురు పరిశ్రమ గురించి చెప్పమన్నారు. ఖండమంతా ఎత్తుకోను, ఇథియోపియా చాలు. వెదురు విస్తీర్ణంలో అక్కడ ముందు వరసలో ఉన్న దేశాల్లో అదొకటి. సిదామా కొండల్లో బోలు వెదురు. పడమటి పల్లంలో, అస్సోసా చుట్టూ, లోపల దాదాపు గుల్ల లేని గట్టి వెదురు.

ఈ గట్టి వెదురు పొదలుగా పెరుగుతుంది. ముదురు బొంగులు నడిమధ్యన, లేతవి అంచున. కూలీ ఏం చేస్తాడు? చేతికందిన అంచు బొంగు నరుకుతాడు. మధ్యది ఎండి ఇరుక్కుపోతుంది, పొద చస్తుంది. తప్పు కూలీది కాదు, బొంగుల లెక్కన కూలి కట్టినవాడిది! అందుకే రంగు డబ్బా అంటున్నా. ఈ ఏడు మొలిచినదానికి ఎరుపు, వచ్చే ఏటిదానికి పసుపు. మూడేళ్లు నిండినదాన్నే కొయ్యాలి. పొదలోకి ఒక పక్క నుంచి గుర్రపు లాడంలా దారి తీసి, నేల మీది మొదటి కణుపుకు కాస్త పైన కొయ్యాలి. కణుపుకు మరీ పైన కోస్తే, బోలు బొంగైతే మోడు గిన్నె అవుతుంది. నీళ్లు నిలిచి వేరు కుళ్లుతుంది.

యంత్రాల సంగతి తర్వాత. ముందు బొంగును తొలిచే పురుగు. పురుగేనా అంటారేమో, అవును, పురుగే! బొంగులో పిండి పదార్థం ఉన్నన్నాళ్లూ అది వదలదు. కుర్చీ కింద తెల్లటి పొడి రాలిందంటే ఆ కొనుగోలుదారు ఇక రాడు. వంద లీటర్ల నీటికి మూడు కిలోల వెలిగారం (బోరాక్స్), రెండు కిలోల బోరిక్ ఆసిడ్, వేడినీళ్లలో కరిగించి కలపాలి. బోలు బొంగుకు ఇనుప చువ్వతో కణుపులన్నీ పొడిచి, రాళ్లు పెట్టి వారం పది రోజులు ముంచాలి. గట్టి వెదురుకు చువ్వ దిగదు. దాన్ని బద్దలుగా చీల్చాకే ముంచాలి. ఆరబెట్టడం నీడలోనే, ఎండలో పెడితే పగులుతుంది. ఈ మందు వానకు కడుక్కుపోతుంది కాబట్టి ఇంట్లో వాడే సామానుకే.

ఇంకోటి. గట్టి వెదురు ఒక చోటిదంతా ఒకేసారి పూసి, ఒకేసారి చస్తుంది. ఒకే లోయను నమ్ముకున్న ఫ్యాక్టరీకి ఆ తర్వాత కొన్నేళ్లు సరుకుండదు. రాలిన గింజ మొలిచి ఎదిగేదాకా పశువుల్నీ నిప్పునూ ఆపాలి.

బల్ల మీద రెండు ముక్కలున్నాయి, వానల్లో కోసిందొకటి, వానలు వెనకబట్టాక కోసిందొకటి. టింక్చర్ అయోడిన్ సీసా పక్కనే ఉంది. చుక్క వేసి చూడండి, ఏది ఎక్కువ నల్లబడితే పురుగుకు అదే విందు. మేదరి అన్నా, ముందు మీరు రండి.