షెల్ డ్వెల్లర్స్‌కి రెండడుగుల ట్యాంకు: డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ ఆపాలి

నమస్తే అండీ. ఈ రోజు మన ముందున్నది 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తున్న గాజు ట్యాంకు. లెక్కకి 54 లీటర్లు. ఇసుక, గుల్లలు పోను 40 లీటర్ల నీళ్లు పడతాయనుకోండి.

ఇందులోకి వచ్చేవి షెల్ డ్వెల్లర్స్, అంటే గుల్లల్లో బతికే చేపలు. వాటిలో మల్టీఫాసియేటస్ అనే జాతి, అందరూ మల్టీస్ అంటారు. ఆఫ్రికాలో టాంగన్యీకా సరస్సు అడుగున ఖాళీ నత్తగుల్లల్లో గుంపులుగా కాపురం ఉంటాయి. మగది నాలుగున్నర సెంటీమీటర్లు దాటదు, ఆడది ఇంకా చిన్నది. వీటికి కావలసింది నేల, ఎత్తు కాదు. షాపులో ఎత్తు ట్యాంకు చూపిస్తే వద్దని చెప్పండి.

గుల్లలకి మాత్రం ఖర్చు పెట్టకండి. మన చెరువుల దగ్గర, వరిపొలాల్లో దొరికే నత్తగుల్లలు బ్రహ్మాండంగా పనికొస్తాయి. పురుగుమందు కొట్టిన పొలంలోవి మాత్రం వద్దు. నాలుగైదు సెంటీమీటర్ల సైజు, అంచు పగలనివి ఏరుకోండి. పావుగంట ఉడకబెట్టి, వంచిన తీగతో లోపలి మెలికదాకా గీకి, మళ్లీ ఉడికించి బాగా ఎండబెట్టండి. తర్వాత వాసన చూడండి. కొంచెం కంపున్నా పక్కన పడేయండి, ఎందుకంటే లోపల మిగిలిన మాంసం కుళ్లి అమ్మోనియా వదులుతుంది. చేపకి మూడు చొప్పున, ఎనిమిది చేపలకి పాతిక గుల్లలు. మల్టీస్‌కి అన్నీ ఒకేచోట పోయండి. అదే ఆసిలేటస్ అనే ఇంకో గుల్ల చేప జాతిని పెంచితే దూరందూరంగా పెట్టాలి, లేకపోతే కొట్టుకుంటాయి.

రాళ్లు పెడితే ముందు గాజు మీద రాళ్లు, తర్వాతే ఇసుక. ఇవి రాత్రింబవళ్లు తవ్వే జాతి. ఇసుక మీద నిలబెట్టిన రాయి ఒరిగి గాజుని కొడుతుంది. జల్లించి కడిగిన సన్న ఇసుక 5 సెంటీమీటర్ల మందం ఉండాలి.

ఫిల్టర్ విషయంలో నా ఓటు గాలి పంపుతో నడిచే స్పాంజ్‌కే. ట్యాంకు అంచుకి తగిలించే హ్యాంగాన్ ఫిల్టర్ చేపలు ఎగజిమ్మిన ఇసుకని లాగి మోటారుని అరగదీస్తుంది, పిల్లల్నీ పీల్చేస్తుంది.

నీళ్లకి పీహెచ్ 8 పైన ఉంటే మంచిది. బోరునీళ్లు చాలాచోట్ల ఖనిజాలతో గట్టిగానే ఉంటాయి, టెస్ట్ చేసి చూడండి. కార్బొనేట్ హార్డ్‌నెస్ (పీహెచ్‌ని నిలబెట్టే ఉప్పుల కొలత, దీన్నీ డిగ్రీల్లోనే చెప్తారు) తక్కువుంటే 40 లీటర్లకి 5 గ్రాముల వంటసోడా సుమారు 4 డిగ్రీలు పెంచుతుంది. ఆర్వో నీళ్లతో ట్యాంకు నింపకండి, పీహెచ్ నిలబడదు. ఆవిరైన నీటికి బదులు పోసేటప్పుడు మాత్రం ఆర్వోనే సరైనది: ఆవిరి పోతుంది, ఉప్పులు మిగిలిపోతాయి కదా.

ఎక్కువమంది దెబ్బతినేది సైక్లింగ్ దగ్గర, అంటే అమ్మోనియానీ, దాన్నుంచి వచ్చే నైట్రైట్‌నీ విరిచే బ్యాక్టీరియా ట్యాంకులో పెరిగేదాకా ఆగడం దగ్గర. పీహెచ్ 7 దగ్గర మొత్తం అమ్మోనియాలో విషపు రూపం ఒక శాతం కూడా ఉండదు. 8.5 దగ్గర అది 15 శాతానికి చేరుతుంది. వేరే ట్యాంకులో నడిచిపోయే తొందర ఇక్కడ చేపల్ని చంపేస్తుంది. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాకే చేపలు. నాలుగు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు.

వేడి 24 నుంచి 27 డిగ్రీలు. మన ఎండాకాలంలో హీటర్ కంటే నీటి మీదికి గాలి కొట్టే చిన్న ఫ్యాన్ ముఖ్యం.

పిల్లలు పుడితే విడదీయకండి, పెద్దవాటి మధ్యే పెరుగుతాయి. పొడి చేసిన పెల్లెట్లు, అప్పుడే పొదిగిన ఆర్టీమియా (బుల్లి ఉప్పునీటి రొయ్యల్లాంటివి) చాలు. చేపల్ని ఎవరికైనా ఇవ్వాలంటే గుల్లతో సహా అదే నీళ్లున్న టబ్‌లోకి మార్చండి. వేలు పెట్టొద్దు, దులపొద్దు. అలికిడి తగ్గాక వాటంతటవే బయటికొస్తాయి.