పెళ్ళి వీడియో ఎడిటింగ్‌కీ గేమింగ్‌కీ ఒకటే పీసీ: పార్ట్స్ కొనేముందు మీ కెమెరా ఫైలు చూడండి

(స్క్రీన్ మీద: టేబుల్ నిండా డబ్బాలు. గ్రాఫిక్ కార్డు డబ్బాకి సీల్ ఇంకా తీయలేదు.)

నమస్తే అందరికీ, నెల్లూరు నుంచి. ఈ మధ్య నాకొచ్చే మెసేజుల్లో సగం ఒకటే రకం, "అన్నా, లక్షన్నర బడ్జెట్, పగలు పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసుకోవాల, రాత్రి గేములు ఆడుకోవాల, ఏమేం కొనాల్నో లిస్టు పెట్టన్నా" అని. లిస్టు పెట్టడానికి రెండు నిమిషాలు చాలు, కానీ నేను తిరిగి అడిగేది ఒకటే, నువ్వు ఏ కెమెరాతో తీస్తన్నావు అని. "కెమెరాకీ కంప్యూటర్‌కీ ఏందన్నా సంబంధం" అంటారు. సంబంధం మొత్తం ఆడే ఉంది, అందుకే ప్రాసెసర్ దగ్గరికి పోయేముందు మెమరీ కార్డులో ఉన్న ఫైలు సంగతి చూద్దాం.

(స్క్రీన్ రికార్డింగ్)

ఇదిగో, మీడియాఇన్ఫో అని ఫ్రీ సాఫ్ట్‌వేర్. మీ క్లిప్ ఒకటి లాగి దీంట్లో పడేయండి. బోలెడంత వస్తది, అంతా చదవక్కర్లేదు, వీడియో కింద మూడు లైన్లు చూడండి. ఒకటి ఫార్మాట్, అంటే వీడియోని కుదించిన పద్ధతి, ఏవీసీ అని ఉంటే హెచ్.264, హెచ్‌ఈవీసీ అని ఉంటే హెచ్.265. రెండోది క్రోమా సబ్‌శాంప్లింగ్, 4:2:0 నా 4:2:2 నా. మూడోది బిట్ డెప్త్, అంటే ఒక్కో రంగుకి ఎన్ని మెట్లు ఉంటాయో, 8 నా 10 నా. ఈ క్లిప్ సోనీ ఏ7 ఫోర్ తో తీసింది, చూడండి, 4:2:2, 10 బిట్. అదే పాత ఏ7 త్రీ ఫైలు వేస్తే 4:2:0, 8 బిట్ అని చూపిస్తది.

4:2:0కీ 4:2:2కీ తేడా ఏందంటే, వెలుగు లెక్క ప్రతి పిక్సెల్‌కీ ఉంటది, రంగు లెక్కలోనే పొదుపు చేస్తారు. 4:2:0లో నాలుగు పిక్సెల్స్‌కి కలిపి ఒక రంగు శాంపిల్, 4:2:2లో నాలుగింటికి రెండు. ఇదిగో ఈ ఫ్రేమ్ జూమ్ చేస్తున్నా, ఎర్ర వెంకటగిరి చీర, జరీ అంచు కలిసే చోట, ఈ పక్కది 4:2:0, అంచు చెరిగినట్టు ఉంది కదా, ఆ పక్కది 4:2:2, గీత నీట్‌గా ఉంది. గ్రేడింగ్‌లో, అంటే రంగులు దిద్దేటప్పుడు, రంగు కొంచెం గట్టిగా లాగితే ఈ తేడా ఇంకా కనపడతది, అందుకే స్టూడియో వాళ్ళంతా 4:2:2కి పోతన్నారు.

సరే మరి తంటా ఎక్కడ? ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉంటే దాంట్లో, లేదంటే గ్రాఫిక్ కార్డులో, వీడియో ఫైలు విప్పడానికే ఒక చిన్న విభాగం విడిగా ఉంటది, డీకోడర్ అంటాం. దానికి తెలిసిన ఫార్మాట్ అయితే ఫైలు చిటికెలో విప్పుతది, తెలియకపోతే పని మొత్తం ప్రాసెసర్ కోర్ల నెత్తిన పడతది. కావలిలో ఒక తమ్ముడు ఉన్నాడు, పెళ్ళిళ్ళు తీస్తాడు, ఏఎండీ వాళ్ళ రైజన్ ప్రాసెసర్, ఎన్‌విడియా వాళ్ళ ఆర్‌టీఎక్స్ 4070 కార్డు. గేముల్లో ఆ కార్డు దుమ్ము లేపుతది, కానీ మూడు కెమెరాల మల్టీక్యామ్ టైమ్‌లైన్ వేస్తే ప్లేహెడ్, అదే టైమ్‌లైన్ మీద నడిచే గీత, ఆగి ఆగి కదులుతది. ఎందుకంటే ఆర్‌టీఎక్స్ 30, 40 సిరీస్ కార్డుల డీకోడర్‌కి 4:2:2 రాదు, రైజన్‌లో ఉండే గ్రాఫిక్స్‌కీ రాదు. ఇంటెల్‌లో 11వ జనరేషన్ నుంచి ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్‌కి హెచ్.265 10 బిట్ 4:2:2 వస్తది, దాన్నే క్విక్ సింక్ అంటారు. 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌లో ఎన్‌విడియా కూడా 4:2:2 పెట్టింది, హెచ్.264లో ఉన్న 4:2:2 కూడా విప్పుతది, కాకపోతే మీ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్ అయినా రిజాల్వ్ అయినా కొత్త వెర్షన్ ఉండాల.

(స్క్రీన్ మీద పెద్దగా: ఎఫ్)

ఇక్కడే ఈ అక్షరం జాగ్రత్త. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉంటే గ్రాఫిక్స్ లేదని అర్థం. ఐ5 12400, 12400ఎఫ్ పక్కపక్కన పెడితే ఎఫ్ చీప్, షాపు వాళ్ళు "గ్రాఫిక్ కార్డు ఎట్టాగూ వేస్తున్నావు కదా, ఆ డబ్బులు ఎందుకు దండగ" అంటారు. గేమర్‌కి ఆ మాట కరెక్టే. ఎడిటర్‌కి మాత్రం, అందులోనూ పాత కార్డు వాడే ఎడిటర్‌కి, ఆ కాస్త మిగులులో క్విక్ సింక్ పోతది. మీ ఫైళ్ళు 8 బిట్ 4:2:0 అయితే, ఫోన్ ఫుటేజ్ అయితే, ఈ గొడవ మీకు లేదు, హాయిగా ఎఫ్ తీసుకోండి, రైజన్ తీసుకోండి.

నా ఎంపిక చెప్తా. 4:2:2 ఫుటేజ్, రెండు మూడు కెమెరాలు, రాత్రికి గేములు, ఈ మూడూ కలిస్తే ఇంటెల్ కోర్ అల్ట్రా 7 265కే, ఎఫ్ లేనిది. 20 కోర్లు, ఎక్స్‌పోర్ట్‌లో బాగా లాగుతది. గేముల్లో మాత్రం ఏఎండీ 7800ఎక్స్3డీ, 9800ఎక్స్3డీ దీనికంటే ముందుంటాయి, అందులో డౌటే లేదు, ఆ ఎక్స్3డీ వాటిల్లో క్యాష్, అంటే చిప్పులోనే ఉండే వేగమైన మెమరీ, ఎక్కువ ఉంటది, గేములకి అది పడతది. కానీ ఆ తేడా పూర్తిగా కనపడాలంటే పైన ఖరీదైన కార్డు ఉండాల, 5060 టీఐ లాంటి మధ్యరకం కార్డు వేసుకుని ఎక్స్3డీ కొనడం నాకు అర్థం కాని యవ్వారం. ఇక ఏఎండీకి ఇంకో ప్లస్ ఏఎమ్5 సాకెట్, అంటే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు, 2022లో వచ్చింది, 2027 దాకానూ ఆ తర్వాతా నడుపుతామని ఏఎండీ చెప్పింది, రేపు అదే బోర్డు మీద ప్రాసెసర్ మార్చుకోవచ్చు. ఎడిటింగ్ తక్కువ గేమింగ్ ఎక్కువ అయితే అటే పోండి. సెకండ్‌హ్యాండ్‌లో 13, 14 జనరేషన్ ఐ7, ఐ9 దొరుకుతాయి, వాటిల్లో వోల్టేజ్ వల్ల చిప్పు పాడయ్యే సమస్య వచ్చింది, 2024లో ఇంటెల్ దాన్ని సరిదిద్దే మైక్రోకోడ్ ఇచ్చి వారంటీ కూడా రెండేళ్ళు పెంచింది, అది బోర్డు బయోస్ (బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్‌తో వస్తది, కొనే ముందు ఆ అప్‌డేట్ అయ్యుందో లేదో చూసుకోండి.

గ్రాఫిక్ కార్డు. 5060 టీఐ అనే పేరుతో రెండు ఉన్నాయి, కార్డు మెమరీ 8 జీబీది, 16 జీబీది. డబ్బా మీద పేరు ఒకటే, మూలన నంబరు తేడా. 16 తీసుకోండి. 4కే టైమ్‌లైన్ మీద నాయిస్ రిడక్షన్ ఒకటి వేసి రిజాల్వ్‌లో ప్లే చేస్తే 8 జీబీ ఎంత తొందరగా నిండుతదో టాస్క్ మేనేజర్‌లో కళ్ళారా చూడొచ్చు, నిండాక జీపీయూ మెమరీ ఫుల్ అని ఎర్రర్ వస్తది. కొత్త గేముల్లో టెక్స్చర్లు అల్ట్రాలో పెట్టినా అదే కథ. 5070కి 12 జీబీ, గేముల్లో దీనికంటే స్పీడు, బడ్జెట్ సాగితే మంచిదే.

అన్నట్టు రిజాల్వ్ ఫ్రీ వెర్షన్ అన్ని కెమెరా ఫైళ్ళనీ తీసుకోదు, ముందు మీ క్లిప్ వేసి చూడండి. స్టూడియో వెర్షన్ ఒక్కసారి కొంటే చాలు, నెలనెలా కట్టేది కాదు.

ర్యామ్ 32 జీబీ, రెండు 16లు. ఒక్క స్టిక్ వద్దు, నాలుగూ వద్దు, డీడీఆర్5లో నాలుగు పెడితే స్పీడు పడిపోతది. 2025 చివర నుంచి ర్యామ్ రేట్లు మండిపోతన్నాయి, ఏఐ డేటా సెంటర్లకి మెమరీ అంతా పోతంది, మైక్రాన్ అయితే క్రూషియల్ బ్రాండ్ మీద మన లాంటోళ్ళకి అమ్మే వ్యాపారమే మానేస్తామని 2025 డిసెంబర్‌లో చెప్పేసింది. అందుకని పోయిన నెల కొటేషన్ పట్టుకుని షాపుకి పోయి గొడవపడొద్దు.

స్టోరేజ్‌లో ఒక చిన్న లెక్క. ఏ7 ఫోర్‌లో 4కే 50 ఫ్రేములు 4:2:2 అంటే సెకనుకి 200 మెగాబిట్స్, అంటే 25 ఎంబీ, గంటకి 90 జీబీ. రెండు కెమెరాలు ఆరు గంటలు తిరిగితే ఒక్క పెళ్ళికి ఒక టీబీ దాటతది. ఇంకో మాట చూడండి, క్లిప్‌కి సెకనుకి 25 ఎంబీయే కాబట్టి సెకనుకి 7000 ఎంబీ చదివే జెన్4 ఎస్ఎస్‌డీ చాలు, జెన్5కి పోసే డబ్బు మనకి కనపడదు. హార్డ్ డిస్క్ మీద నేరుగా ఎడిట్ చేస్తే ఇబ్బంది స్పీడు వల్ల కాదు, మూడు కెమెరాల కోసం డిస్క్ లోపల చదివే సూది అటూ ఇటూ తిరగాల, దాంతో నత్తనడక. విండోస్‌కీ గేములకీ ఒక టీబీ, నడుస్తున్న పెళ్ళిళ్ళకి రెండు టీబీ ఎస్ఎస్‌డీ, పెద్ద ఫైళ్ళు రాసేటప్పుడు నెమ్మదించే క్యూఎల్‌సీ రకం కాకుండా టీఎల్‌సీ రకం, అయిపోయినవి పెద్ద హార్డ్ డిస్క్‌లోకి.

(స్క్రీన్ మీద: యూపీఎస్ వెనక స్టిక్కర్, దగ్గరగా)

ఇప్పుడు ఎస్ఎంపీఎస్, అంటే పీసీ లోపలి పవర్ సప్లై, ఇంక యూపీఎస్. మన జిల్లాలో పీసీలు పోయేది ఎక్కువ ఈడే. ఈ స్టిక్కర్ చూడండి, పైన పెద్దక్షరాల్లో 600 వీఏ, కింద చిన్నగా 360 వాట్స్. మీకు పనికొచ్చేది ఆ చిన్నది. 265కే గట్టిగా లాగితే 250 వాట్స్, 5060 టీఐ 180, బోర్డు, ఫ్యాన్లు, డిస్కులు, మానిటర్ కలిపితే 500 దాటొచ్చు. మామూలుగా నడిచేటప్పుడు ఈ యూపీఎస్ ఏమీ అనదు, ఎక్స్‌పోర్ట్ పెట్టినప్పుడు కరెంట్ పోయిందా, కీక్ మని ఒక్క అరుపు అరిచి ఆగిపోతది, కస్టమర్ ఫైలు గోవిందా. కనీసం 1500 వీఏ, వాట్స్ చదివి కొనండి, ప్యూర్ సైన్ వేవ్ దొరికితే అదే. ఎస్ఎంపీఎస్ 750 వాట్స్, కరెంట్ తక్కువ వృథా చేసే గోల్డ్ రేటింగ్‌ది, పేరున్న కంపెనీది. క్యాబినెట్‌తో ఫ్రీగా వచ్చేదాన్ని తీసి పక్కన పెట్టండి.

క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటంది అని ఎంతమంది అడుగుతారో. అది పార్టు తప్పు కాదు, ఇంటికి ఎర్తింగ్ లేకపోవడం. ఎస్ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ నుంచి కొంచెం కరెంట్ ఎర్త్‌లోకి పోవాల, పోయే దారి లేక క్యాబినెట్ మీద నిలబడతది. పీసీకి లక్షన్నర పెట్టినోడు ఎర్త్ గుంత తవ్వించడానికి ఎలక్ట్రీషియన్‌ని పిలవడు, ఏం చెప్పాల.

ఎండల సంగతి మీకు తెలిసిందే, మే నెలలో ఏసీ లేని గదిలో గాలే నలభై దగ్గర ఉంటది, ఆ గాలితోనే కదా పీసీ చల్లబడాల్సింది. ముందు అద్దం ఉన్న క్యాబినెట్ చూడ్డానికి బాగుంటది, గాలి రాదు, మెష్ ఉన్నది తీసుకోండి. రెండు ఫ్యాన్ల టవర్ కూలర్ చాలు, వాటర్ కూలింగ్ అవసరం లేదు. చీమకుర్తి వైపు ఉన్నోళ్ళకి గ్రానైట్ దుమ్ము, ఫిల్టర్ తరచుగా దులపండి. కొత్తపట్నం, మైపాడు లాంటి సముద్రం పక్క ఊళ్ళలో ఉప్పుగాలికి స్క్రూలు కూడా తుప్పు పడతాయి, కిటికీ పక్కన పెట్టొద్దు.

యాడ కొనాల? రేటు కోసం చెన్నై రిచ్చీ స్ట్రీట్ పోయేవాళ్ళు ఎక్కువే, పొద్దున రైలెక్కితే సెంట్రల్‌లో దిగి ఆటోలో దగ్గరే. పోయినా పర్లేదు, ఆదివారం మాత్రం వద్దు, చాలా షాపులు మూసుంటాయి. బిల్లు జీఎస్టీ నంబర్‌తో, ప్రతి పార్టు సీరియల్ నంబర్ దాని మీద రాయించుకుని రండి, బిల్లు లేకుండా తగ్గిస్తామంటే ఒప్పుకోవద్దు, వారంటీ అడిగేటప్పుడు ఆ తగ్గింపు ఎవరికీ గుర్తుండదు. ఎస్ఎంపీఎస్, బోర్డు, గ్రాఫిక్ కార్డు మాత్రం రేటు కొంచెం ఎక్కువైనా ట్రంక్ రోడ్ వైపు తెలిసిన షాపులో తీసుకుంటే మేలని నేనంటా, పాడైతే చేతికిచ్చి రావచ్చు.

బిగించాక మూడు పనులు. బయోస్‌లోకి పోయి ఎక్స్‌ఎంపీ ఆన్ చేయండి, ఏఎండీ బోర్డైతే ఎక్స్‌పో అని ఉంటది, చేయకపోతే కొన్న స్పీడులో ర్యామ్ నడవదు. ఇంటెల్ గ్రాఫిక్స్ ఆన్‌లో ఉందో చూడండి, వేరే కార్డు పెడితే కొన్ని బోర్డులు దాన్ని ఆఫ్ చేసేస్తాయి, అప్పుడు క్విక్ సింక్ కోసం ఇంత వెతికి కొన్నదంతా బూడిదలో పోసిన పన్నీరు. వాలరెంట్ ఆడేవాళ్ళు విండోస్ 11లో సెక్యూర్ బూట్, టీపీఎమ్ రెండూ ఆన్ చేయాల, లేకపోతే గేమ్ ఓపెన్ కాదు. ఇంక మానిటర్ కేబుల్ పైన బోర్డుకి కాదు, కింద గ్రాఫిక్ కార్డుకి పెట్టి, విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 144 హెర్ట్జ్ ఎంచుకోండి, అది ఎంచుకునేదాకా మీ కొత్త మానిటర్ చాలాసార్లు 60లోనే నడుస్తంటది.