బ్రయాన్ మే గిటార్ రివ్యూ: అసలు సంగతంతా ఆ ఆరు స్విచ్‌లలోనే ఉంది

నమస్తే అండీ. క్వీన్ బ్యాండ్ గిటారిస్టు బ్రయాన్ మే సొంత గిటార్‌కి నకలైన ఈ బ్రయాన్ మే స్పెషల్ ఒక షాపు వాళ్ళు రివ్యూ కోసం ఇచ్చారు. వీడియో అయ్యాక తిరిగి ఇచ్చేస్తాం, డబ్బులేమీ తీసుకోలేదు. స్పెక్స్ మీరు ఈపాటికే చూసుంటారు: 24 అంగుళాల స్కేలు, 24 ఫ్రెట్లు, జీరో ఫ్రెట్, మూడు పికప్‌లు (తీగల కంపనాన్ని కరెంటు సిగ్నల్‌గా మార్చే అయస్కాంత చుట్టలు). వాటి జోలికి పోను. తీగల కింద వరసగా ఉన్న ఈ ఆరు స్లైడ్ స్విచ్‌ల గురించే మాట్లాడతాను, ఎందుకంటే క్వీన్ బ్యాండ్ గిటార్ గొంతు పుట్టింది ఇక్కడే.

అసలు గిటార్, అదే రెడ్ స్పెషల్, 1963లో మొదలైంది. అప్పటికి బ్రయాన్‌కి 16 ఏళ్ళు. మంచి గిటార్ కొనే స్తోమత ఇంట్లో లేదు. తండ్రి హెరాల్డ్ ఎలక్ట్రానిక్స్ తెలిసిన ఇంజనీరు. ఇద్దరూ కూర్చుని రెండేళ్ళు చేశారు. మెడకి పాత ఫైర్‌ప్లేస్ దూలం చెక్క వాడారు, దానికి పురుగు తొలిచిన రంధ్రాలుంటే అగ్గిపుల్లలతో పూడ్చారు. వైబ్రాటోకి, అంటే స్వరాన్ని ఊపే మీటకి, పాత మోటార్‌సైకిల్ వాల్వ్ స్ప్రింగులు రెండు. మెడ మీది చుక్కలు అమ్మ కుట్టుపెట్టెలోని ముత్యపు చిప్ప గుండీలు. చేతికి దొరికిందల్లా పనికొచ్చింది. కొన్న పికప్‌లు మాత్రం వాల్యూమ్ పెంచితే కీచుమనేవి, లోపలి తీగచుట్టలు వదులుగా కదలడం వల్ల. వాటిలో ఎపాక్సీ పోసి గట్టిపరిచాడు. ఆ కీచు పోయి, తీగలు ఎంతసేపైనా మోగే మంచి ఫీడ్‌బ్యాక్ మిగిలింది.

ఇక స్విచ్‌లు. ప్రతి పికప్‌కి రెండు: ఒకటి ఆన్-ఆఫ్, ఇంకోటి ఫేజ్, అంటే ఆ పికప్ సిగ్నల్‌ని తలకిందులు చేసేది. మెడ వైపున్న పికప్ నెక్, నడుమది మిడిల్, తీగలు చివర ఆనే చోటుది బ్రిడ్జ్. మామూలు మూడు పికప్‌ల గిటార్లలో రెండు పికప్‌లు కలిపితే పారలల్‌లో (పక్కపక్కన) కలుస్తాయి, ఇక్కడ సిరీస్‌లో (ఒకదాని వెనక ఒకటి) కలుస్తాయి. అంటే రెండు వేస్తే శబ్దం పెద్దదై, మందంగా మారుతుంది. బ్రిడ్జ్, మిడిల్ రెండూ ఒకే ఫేజ్‌లో ఉంచితే అది బ్రయాన్ రోజువారీ గొంతు. నెక్, మిడిల్ వేసి ఒకదాని ఫేజ్ తిప్పండి, కింది స్వరాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని పైస్వరాలే మిగులుతాయి. శబ్దం సన్నబడి, ముక్కుతో పాడినట్టు వస్తుంది. 1975లో వచ్చిన బొహీమియన్ రాప్సొడీ సోలో అదే.

చాలామంది తడబడేది ఇక్కడే: ఒకే పికప్ ఆన్‌లో ఉంటే ఫేజ్ స్విచ్ తిప్పినా ఏ తేడా వినిపించదు. పాడైపోయిందనుకోకండి, కొట్టేసుకోవడానికి రెండో పికప్ ఉండాలి కదా. రెండింటి ఫేజ్‌లూ తిప్పేసినా అంతే, మళ్ళీ నిండు శబ్దమే. మూడూ ఆఫ్ చేస్తే గిటార్ పూర్తిగా మూగబోతుంది.

అయితే ఈ సన్నని గొంతు నేరుగా ఆంప్‌కిస్తే పేలవంగానే ఉంటుంది. బ్రయాన్ ముందు ట్రెబుల్ బూస్టర్ (పైస్వరాలని పెంచే పెట్టె), తర్వాత గరిష్ఠానికి దగ్గరగా తెరిచిన వాక్స్ ఏసీ30 ఆంప్ పెట్టుకుంటాడు. బూస్టర్ గిటార్‌కి ఆనుకుని మొట్టమొదట ఉండాలి. మధ్యలో బఫర్ (సిగ్నల్‌ని గిటార్ నుంచి వేరుచేసే సర్క్యూట్) ఉన్న పెడల్‌గానీ వైర్‌లెస్‌గానీ పెడితే పాత జెర్మేనియం బూస్టర్ల స్వభావమే మారిపోతుంది, ఎందుకంటే అవి పికప్‌తో నేరుగా కలిసి పనిచేస్తాయి. బూస్టర్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచి, క్లీన్, అంటే గరగర లేని శబ్దం కావాలంటే గిటార్ వాల్యూమ్ తగ్గించండి. దాని కోసం వేరే పెడల్ అక్కర్లేదు.

పిక్ మాటకొస్తే, ఆయన వాడేది బ్రిటన్ పాత సిక్స్‌పెన్స్ నాణెం. దాని గరుకు అంచు తీగకి తగిలేటప్పుడు చిన్న గీర శబ్దం వస్తుంది, ఆ సోలోల్లో పదాల ముందు హల్లులాగా. మనకి దగ్గర్లో ఉన్నది రాగి-నికెల్ పాత పావలా. స్టీల్ నాణెం వద్దు, తీగలు త్వరగా అరిగిపోతాయి.

చిరాకు కూడా చెప్పాలి. పాట మధ్యలో బ్రిడ్జ్-మిడిల్ నుంచి నెక్-మిడిల్ రివర్స్ ఫేజ్‌కి రావాలంటే మూడు స్విచ్‌లు జరపాలి, చీకటి స్టేజీ మీద వేళ్ళతో తడుముకుంటూ. ఐదు స్థానాల్లో తిరిగే ఒకే స్విచ్ అలవాటైనవాళ్ళకి ఇది నరకం. ఒరిజినల్‌లోని కత్తి అంచు వైబ్రాటో కూడా ఇందులో లేదు, రెండు స్క్రూల మీద ఊగే మామూలుదే ఉంది.

అయినా నేను కొనమనే చెప్తాను. ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తూ 1974లో వదిలేసి, మళ్ళీ వెళ్ళి 2007లో అంతరిక్ష ధూళి మీద థీసిస్ పూర్తిచేసిన మనిషి ఆలోచన ఈ వైరింగ్‌లో కనిపిస్తుంది. నున్నటి బ్లూస్ కావాలంటే మాత్రం వేరేది చూసుకోండి.

షాపులో చూసేటప్పుడు ఇలా చెయ్యండి. నెక్, మిడిల్ ఆన్ చేసి, ఒక ఫేజ్ తిప్పండి, శబ్దం సన్నబడాలి. రెండోదీ తిప్పండి, నిండుగా తిరిగి రావాలి. మిడిల్-బ్రిడ్జ్ జతతోనూ అంతే. ఏదైనా జతలో తేడా రాకపోతే ఆ స్విచ్‌లో మట్టి ఉండచ్చు, లేదా వైరు ఊడి ఉండచ్చు. కొనేముందే సరిచేయించుకోండి.