ఇంగ్లిష్ చదువు పగ్గాలు ఎవరి చేతిలో?

యాంకర్: నమస్కారం. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కాలేజీలను 2021-22లో ఇంగ్లిష్ మీడియంలోకి మార్చారు. ఇంటర్ దాకా తెలుగులో చదివిన పిల్లలు ఇంగ్లిష్ సొంతంగా నేర్చుకోగలరా? మేడం, ముందు మీరు చెప్పండి.

అధ్యాపకురాలు: తప్పకుండా నేర్చుకోగలరండి. కానీ 'సొంతంగా' అంటే వాళ్ల తిప్పలకు వాళ్లను వదిలేయడం కాదు. ఫ్రాన్స్‌లోని నాన్సీ విశ్వవిద్యాలయంలో 1969లోనే, భాషను సొంతంగా నేర్చుకునేవాళ్లకు తోడ్పడే ఒక కేంద్రం వెలిసింది. అక్కడి పరిశోధకుడు ఆన్రీ హోలెక్ 1981లో స్పష్టంగా రాశారు: తన చదువు బాధ్యత తనే తీసుకునే శక్తి పుట్టుకతో రాదు, అలవరచుకోవాలి. ఏం నేర్చుకోవాలి, ఎలా నేర్చుకోవాలి, ఎంతవరకు వచ్చింది అన్నవి విద్యార్థే తేల్చుకోవాలి. మన దగ్గర మొదటిది సిలబస్ తేలుస్తుంది, చివరిది పరీక్ష తేలుస్తుంది. మధ్యలో మిగిలింది గైడు బట్టీ పట్టడమే. నాకు బాధ అక్కడే.

విద్యార్థిని: నాకు జరిగింది ఒకటి చెప్తాను మేడం. 'రేపు రాను' అని ఇంగ్లిష్‌లో అని, ఫోన్‌లో రికార్డు చేసుకుని విన్నాను. 'ఐ వోంట్ కమ్' అన్నాననుకున్నా. వినబడింది 'ఐ వాంట్ కమ్'! రానని చెప్పబోయి రావాలనుందని చెప్పానన్నమాట. డిక్షనరీ యాప్‌లో రెండు మాటలూ మార్చి మార్చి విన్నాను. నా తప్పులు నేనే రాసుకునే నోట్‌బుక్‌లో ఆ వారం అదొక్కటే రాసుకున్నా.

యాంకర్: అంతకుముందు ఎవరూ దిద్దలేదా అమ్మా?

విద్యార్థిని: అరవై మంది క్లాసండి. నా వంతు ఎప్పుడొస్తుంది?

రిటైర్డ్ ప్రిన్సిపాల్: ఈ అమ్మాయి పట్టుకుంది, సంతోషం. చెవికి అందని తప్పులుంటాయి కదా? అవే ఒప్పులని పాతుకుపోతే?

అధ్యాపకురాలు: నిజమే సార్, అందుకే టీచర్ పక్కకు తప్పుకోకూడదు. నేను వారానికోసారి పది నోట్‌బుక్‌లు తీసుకుంటాను. వాళ్లు గుర్తించినవి అలాగే ఉంచి, గుర్తించనిది ఒక్కటి చూపిస్తాను. అన్నీ దిద్దితే పని మళ్లీ నాదైపోతుంది.

రిటైర్డ్ ప్రిన్సిపాల్: మార్కుల్లేని పని ఎంతమంది చేస్తారమ్మా? ఇంటర్నల్స్‌లో దీనికి కొన్ని మార్కులు కేటాయించాలి.

విద్యార్థిని: మరి నోట్‌బుక్‌లో తప్పులు ఎక్కువుంటే మార్కులు తగ్గిస్తారా సార్?

రిటైర్డ్ ప్రిన్సిపాల్: (కాసేపు ఆగి) తగ్గిస్తే... తప్పులు దాచేస్తారు. లేదమ్మా, రాసినందుకే ఇవ్వాలి.