‘ఆధారం: గూగుల్’ అని రాసే ముందు

సభాధ్యక్షులకు, అధ్యాపక మిత్రులకు, కాలేజీ వదిలిన వెంటనే ఇంటికి పోకుండా ఇటు వచ్చిన విద్యార్థులకు నమస్కారం. ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో పుస్తక పఠనం గొప్పతనం గురించి మాట్లాడటం ఆనవాయితీ. నిర్వాహకులు నాకు ఇచ్చిన అంశమూ అదే. వారు మన్నించాలి. పఠనం గొప్పదని ఇక్కడున్నవారికి ఎవరూ చెప్పనక్కరలేదు కనుక, రిఫరెన్స్ విభాగంలో పనిచేసినంత కాలమూ నన్ను వేధించిన ఒక సంగతి ఈ సందర్భంగా చెప్పుకుంటాను.

విద్యార్థుల ప్రాజెక్టు రిపోర్టులు నా చేతికి వచ్చినప్పుడల్లా నేను ముందు చివరి పేజీ తిప్పుతాను. అక్కడ ‘ఆధారాలు: గూగుల్, యూట్యూబ్’ అని ఉంటుంది. దాని కింద గైడు గారి సంతకం కూడా ఉంటుంది. గూగుల్ ఒక సెర్చ్ ఇంజన్, అంటే సమాచారం ఉన్న చోటు చూపించే సాధనం. పూర్ణా మార్కెట్‌కు ఆటోలో వెళ్లి కూరగాయలు కొన్న మనిషిని ఎక్కడ కొన్నావని అడిగితే, ఆటోలో కొన్నానని చెప్పడు కదా! ఆ మాట ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఎక్కడ అచ్చయింది అనే మూడింటికీ జవాబు చెప్పగలిగినదే ఆధారం.

వెతకడం దగ్గరే మొదలుపెడదాం. మనం పెట్టెలో టైపు చేసే మాటను కీవర్డ్ అంటారు. యంత్రం చాలావరకు ఆ అక్షరాలనే వెతుకుతుంది గానీ మన మనసులో ఉన్నదాన్ని కాదు. మన ఓడరేవు చరిత్ర మీద ప్రాజెక్టు చేస్తున్న ఒక అమ్మాయి, ఎంత వెతికినా ఈమధ్యవే వస్తున్నాయి, పాతవి దొరకడం లేదండీ అని నా బల్ల దగ్గరికి వచ్చింది. ఏం టైపు చేశావమ్మా అంటే, ఇంగ్లీషులో ‘విశాఖపట్నం పోర్టు’ అని చెప్పింది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కట్టిన ఈ రేవు ప్రారంభమైనది 1933లో. అప్పటి ఇంగ్లీషు కాగితాల్లో ఈ ఊరి పేరు ‘వైజాగపటం’, రేవు పేరు ‘హార్బర్’. ఆంగ్లేయ అధికారులైన కార్మైకేల్ 1869లో అచ్చువేయించిన జిల్లా మాన్యువల్‌లోనూ, ఫ్రాన్సిస్ 1907లో రాసిన గెజెటీరు అనే జిల్లా వివరాల గ్రంథంలోనూ ఊరు ఆ పేరుతోనే ఉంటుంది. ఆ రెండు మాటలూ వేసి వెతికించేసరికి, ఆ అమ్మాయి తన నోటు పుస్తకంలో పేజీన్నర నింపుకుంది. మరి మన ఊరికి విశాఖపట్నం, విశాఖపట్టణం, విశాఖ, వైజాగ్, వాల్తేరు అని ఎన్ని పేర్లున్నాయో చూడండి. తెలుగు పుస్తకాల పేర్లను కేటలాగులో, అంటే గ్రంథాలయ పుస్తకాల జాబితాలో, ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించినచోట ఒక్కొక్కరు ఒక్కొక్క స్పెల్లింగు వాడారు. అందువల్ల షెల్ఫులో కళ్లెదుట ఉన్న పుస్తకం కూడా లేదనే జవాబు వస్తుంది.

ఈ చిక్కుకు రెండు విరుగుళ్లున్నాయి. ఒకటి సబ్జెక్ట్ హెడింగ్. రచయిత ఏ మాట వాడినా సరే, ఒకే విషయం మీద ఉన్న పుస్తకాలన్నిటికీ కేటలాగు చేసేవారు ఒకే శీర్షిక ఇస్తారు. పనికొచ్చే పుస్తకం ఒక్కటి దొరికితే చాలు, దాని కేటలాగు వివరాల్లో ఉన్న ఆ శీర్షికను పట్టుకుంటే తక్కినవి వరసగా బయటపడతాయి. రెండోది, జార్జ్ బూల్ అనే గణిత శాస్త్రవేత్త తర్కం మీద నిలిచిన బూలియన్ అన్వేషణ. ‘ఆర్’ పెడితే ఇచ్చిన పేర్లలో ఏది ఉన్నా వస్తుంది. ‘యాండ్’ పెడితే రెండూ ఉన్నవే వస్తాయి. ‘నాట్’ పెడితే అక్కరలేనిది పోతుంది. ‘విశాఖ’ అని మాత్రమే కొడితే, పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల గురించి సుప్రీంకోర్టు 1997లో ఇచ్చిన విశాఖ తీర్పు కూడా కుప్పలుగా వచ్చిపడుతుంది. దానికీ మన ఊరికీ సంబంధం లేదు. అది రాజస్థాన్ కేసు కనుక ‘నాట్ రాజస్థాన్’ అంటే చాలావరకు తొలగిపోతుంది. అయితే ఈ మూడో మాటను పొదుపుగా వాడండి, ఎందుకంటే రాజస్థాన్ పేరు ఒక్కసారి తగిలినందుకు మీకు కావలసిన వ్యాసం కూడా దానితోపాటే పోవచ్చు. రెండు మూడు మాటలు అదే వరసలో కావాలంటే కొటేషన్ గుర్తుల మధ్య పెట్టండి.

కాల్ నంబరు గురించి ఎక్కువ చెప్పను. అది పుస్తకం వీపు మీద ఉండే చిరునామా. పుస్తకాలను విషయాల వారీగా అంకెలతో విడదీసే డ్యూయీ పద్ధతిలో తెలుగు సాహిత్యం 894.827 దగ్గర ఉంటుంది. అక్కడికి వెళ్లినవారు, కావలసిన పుస్తకం తీసుకుని తిరిగిపోకుండా అటూ ఇటూ ఉన్నవి కూడా ఒకసారి తిప్పి చూడండి.

ఇక ప్రాథమిక ఆధారం, ద్వితీయ ఆధారం. మీ ప్రశ్నకు నేరుగా సాక్ష్యం చెప్పేది మొదటిది, ఇతర ఆధారాలను పోగుచేసి చెప్పేది రెండోది. పాతదైతే ప్రాథమికమనీ, కొత్తదైతే ద్వితీయమనీ చాలామంది అనుకుంటారు. వయసుకూ దీనికీ లంకె లేదు, తేల్చేది మీ ప్రశ్న. పద్దెనిమిదో శతాబ్దపు జమీందారుల గురించి ఫ్రాన్సిస్ గెజెటీరులో చదివితే, అది ఆయన తరవాతి కాలంలో పోగుచేసి చెప్పినది గనుక ద్వితీయం. ఆంగ్లేయ అధికారులు ఈ జిల్లాను ఏ కంటితో చూశారన్నది మీ ప్రశ్న అయితే, అదే పుస్తకం, అదే పేజీ ప్రాథమికమవుతుంది. ఈ ముక్క అధ్యాపకులు క్లాసులో ఒక్క గంట కేటాయించి చెబితే, పిల్లలు ఈ విభజనను బట్టీ పట్టే బాధ తప్పుతుంది.

కూర్పు, అంటే ఎడిషన్, అనే మాట దగ్గర నేను కాస్త కటువుగా ఉంటాను. గురజాడ వారి ‘కన్యాశుల్కం’ 1897లో ఒక రూపంలో, 1909లో బాగా పెంచి మార్చిన మరో రూపంలో వచ్చింది. ఏ కూర్పో చెప్పకుండా అందులోంచి ఒక మాట ఎత్తిరాస్తే, చదివేవారు దాన్ని ఎక్కడ వెతుక్కోవాలి? పునర్ముద్రణ వేరు, అది ఉన్నదాన్నే మళ్లీ అచ్చువేయడం. పుస్తకాన్ని గుర్తుపట్టడానికి ఇచ్చే ఐఎస్‌బీఎన్ అనే పదమూడు అంకెల సంఖ్య కూర్పో, ప్రచురణకర్తో, అట్ట, ఈ-బుక్ వంటి రూపమో మారినప్పుడు మారుతుంది గానీ, ఉన్నదున్నట్టు మళ్లీ అచ్చువేసినప్పుడల్లా కాదు.

పరిశోధన పత్రికల వ్యాసాల్లో సంక్షేపం, అంటే వ్యాస సారాంశం, పూర్తి పాఠం అని రెండుంటాయి. సంక్షేపం చదివి వ్యాసం చదివినట్టు రాయవద్దు, మౌఖిక పరీక్షలో దొరికిపోతారు. పీర్ రివ్యూ అంటే అచ్చుకు ముందే ఆ రంగంలోని ఇతర పండితులు పరిశీలించడం. డబ్బు కట్టిన వారం రోజుల్లో వ్యాసం వేసే పత్రికలు కూడా తమ అట్ట మీద ఆ మాట వేసుకుంటున్నాయి కనుక, మాట చూసి మోసపోకండి, సంపాదక వర్గంలో ఎవరున్నారో చూడండి. పీహెచ్‌డీ సిద్ధాంత వ్యాసాలు, మన దేశ విశ్వవిద్యాలయాలవి, శోధగంగ అనే వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. వెబ్ లింకు నేడుండి రేపు పోవచ్చు. వ్యాసానికి 10తో మొదలయ్యే డీఓఐ అనే శాశ్వత గుర్తింపు సంఖ్య ఉంటే లింకుకు బదులు దాన్నే రాయండి. లేకపోతే, మీరు ఆ పేజీ చూసిన తేదీ రాయండి.

అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు. ప్రాజెక్టు అంశం ఖాయమైన విద్యార్థులు సభ అయ్యాక ఆ కిటికీ పక్క బల్ల దగ్గరికి రండి. మీ అంశాన్ని ఒక కాగితం మీద తెలుగులోనూ, ఇంగ్లీషులోనూ, మీకు తెలిసిన పాత పేర్లతోనూ రాసి తెచ్చుకోండి. కేటలాగు తెరిచి ఒక్కొక్కటీ కలిసి వెతుకుదాం.